నేషనల్ పార్కు లోపల కొండరెడ్ల ఊరు: ఎవరి అధికారం ఎక్కడిదాకా?

మాస్టారూ, మీ ప్రశ్న పెద్దది. తర్వాత చదివేవాళ్ళకి కూడా తెలియాలని ముందు దాన్ని క్లుప్తంగా రాస్తున్నాను. మీరు పాఠం చెప్పే ఊరు పాపికొండల నేషనల్ పార్కు హద్దుల్లో ఉంది. ఉన్నవన్నీ కొండరెడ్లనే గిరిజన తెగవాళ్ళ ఇళ్ళే. పోడు భూములకి ఆర్‌ఓఎఫ్‌ఆర్ (అటవీ హక్కుల) పట్టాలు అడిగితే ఫారెస్టువాళ్ళు "ఇది పార్కు, ఇక్కడ పట్టాలుండవు" అన్నారు. ఐటీడీఏలో (గిరిజనాభివృద్ధి సంస్థలో) "దరఖాస్తు పెట్టండి, చూద్దాం" అన్నారు. ఊరి పెద్దలేమో "ఇది ఏజెన్సీ, ఇక్కడ గ్రామసభ మాటే చెల్లుతుంది" అంటున్నారు. వెదురు కొడితే కేసు పెడతామని బెదిరింపు కూడా ఉంది. ఎవరి మాట వినాలి, గొడవొస్తే ఎక్కడికి వెళ్ళాలి అని మీ ప్రశ్న. అమెరికాలో కొన్ని పార్కుల్లో తెగలవాళ్ళూ పార్కు శాఖా అధికారం పంచుకుంటారని చదివారు, మనకీ అలాంటిది ఉందా అని కూడా అడిగారు.

పద్దెనిమిదేళ్ళుగా ఏజెన్సీలో వకీలుగా పనిచేస్తున్నాను. ఇదే ప్రశ్న వేరువేరు ఊళ్ళ నుంచి ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. నేర్చుకున్నదాన్ని ఒక్క మాటలో చెప్పాలంటే, "ఈ భూమి ఎవరిది, ఎవరి కిందికొస్తుంది" అని అడిగితే జవాబు దొరకదు. "ఈ పని ఎవరి కిందికొస్తుంది" అని అడగాలి. ఒకే ఎకరం మీద వెదురుకి ఒక చట్టం, ఆ ఎకరం మీద హక్కుకి ఇంకో చట్టం, బయటివాడు వచ్చి దాన్ని లీజుకి తీసుకుంటే మూడోది, అదే చోట జింకని కొడితే నాలుగోది. ఆఫీసులు కూడా అలాగే వేరు. మీకు జవాబిచ్చిన ముగ్గురూ ఎవరి చట్టం వాళ్ళు చెప్పారు. అయితే ఫారెస్టువాళ్ళ మాటలో ఒక పెద్ద తప్పుంది. మొదట దాని సంగతే చూద్దాం.

పాపికొండలు 1978లో అభయారణ్యం అయింది. 2008లో నేషనల్ పార్కు అయింది, విస్తీర్ణం వెయ్యి చదరపు కిలోమీటర్ల పైచిలుకు. పేరు మారడమేగా అనుకుంటారు చాలామంది. కాదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అభయారణ్యానికీ నేషనల్ పార్కుకీ మధ్య ఒక చిన్న క్లాజు తేడా ఉంది, ఊళ్ళ బతుకు దాని మీద ఆధారపడి ఉంది. అభయారణ్యం ప్రకటించేటప్పుడు కలెక్టర్ అక్కడివాళ్ళ హక్కుల మీద విచారణ చేస్తారు. సెక్షన్ 24లో ఉన్న వీలు ప్రకారం, చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్‌తో సంప్రదించి, ఫలానా హక్కు అలాగే కొనసాగవచ్చు అని రాయొచ్చు. నేషనల్ పార్కు సంగతి సెక్షన్ 35లో ఉంది. అది ఆ విచారణ సెక్షన్లన్నిటినీ తెచ్చుకుని, హక్కు కొనసాగించే ఆ ఒక్క క్లాజునీ వదిలేసింది. పార్కులో పశువుల్ని మేపకూడదని కూడా అదే సెక్షన్ చెప్తుంది. అంటే ఈ ఒక్క చట్టమే చదివినవాడికి పార్కు లోపల మనిషి హక్కు మిగిలే అవకాశమే కనపడదు. రేంజర్ ట్రైనింగ్‌లో చదివిందీ ఇదే, మీకు చెప్పిందీ ఇదే.

కానీ ఆ తర్వాత పార్లమెంటు ఇంకో చట్టం చేసింది. అటవీ హక్కుల గుర్తింపు చట్టం, 2006. మనం ఆర్‌ఓఎఫ్‌ఆర్ అంటున్నది దీన్నే. ఇది 2007 డిసెంబర్ 31న అమల్లోకి వచ్చింది, రూల్స్ 2008 జనవరి 1న వచ్చాయి. ఈ చట్టంలో 'అటవీ భూమి' అంటే ఏమిటో చెప్పే నిర్వచనం సెక్షన్ 2లో ఉంది. రిజర్వు ఫారెస్టు, అభయారణ్యంతో పాటు నేషనల్ పార్కు అనే మాట కూడా అందులో నేరుగా రాసుంది. సెక్షన్ 4 "వేరే ఏ చట్టంలో ఏమున్నా సరే" అని మొదలవుతుంది. కాబట్టి "పార్కు కాబట్టి పట్టాలుండవు" అన్న మాట చట్టం ముందు నిలబడదు. తేదీలు కూడా గమనించండి. పాపికొండలు పార్కు అయ్యేనాటికే ఈ చట్టం అమల్లో ఉంది. ఈ విషయం ఎవరితో మాట్లాడినా తేదీలతో సహా చెప్పండి. గొంతు పెంచాల్సిన పని ఉండదు.

అదే సెక్షన్ 4లో ఐదో ఉపసెక్షన్ మీ ఊరివాళ్ళు నోటికి నేర్చుకోవాల్సింది. హక్కుల గుర్తింపు, పరిశీలన పూర్తయ్యేవరకూ ఎవరినీ వాళ్ళు సాగు చేసుకుంటున్న అటవీ భూమి నుంచి ఖాళీ చేయించకూడదు. దరఖాస్తు పెట్టి, రసీదు తీసుకుని, దాని మీద నిర్ణయం కాగితం మీద రానంతవరకూ ఈ రక్షణ ఉంటుంది. అందుకే నేను ఏ ఊరికి వెళ్ళినా ముందు అడిగేది రసీదు. దరఖాస్తు ఇచ్చామంటారు, రసీదు ఉండదు.

దీన్నిబట్టి ఊరివాళ్ళు ఏం చేసినా చెల్లుతుందని కాదు మాస్టారూ. ఇక్కడ మీ పెద్దల మాటని కొంచెం సరిచేయాలి. 2005 డిసెంబర్ 13 నాటికి సాగులో, స్వాధీనంలో ఉన్న భూమికే వ్యక్తిగత హక్కు, అదీ నాలుగు హెక్టార్లకి మించకుండా. ఆ తేదీ తర్వాత కొత్తగా నరికిన పోడుకి ఈ చట్టంలో చోటు లేదు. వేట హక్కు లేనే లేదు. అటవీ హక్కుల చట్టమే వేటని విడిగా పేర్కొని మినహాయించింది. పార్కు లోపల వేటాడితే వన్యప్రాణి చట్టం కింద మూడేళ్ళకి తక్కువ కాకుండా ఏడేళ్ళ దాకా జైలు. పండక్కి కొండగొర్రెని కొట్టడం తాతల నాటి ఆచారమని కోర్టులో చెప్తే వినేవాళ్ళు లేరు. ఈ మాట కుర్రాళ్ళకి గట్టిగా చెప్పండి. ఒక వేట కేసు వస్తే ఊరు మొత్తం పట్టాల ఫైలు మీద దాని నీడ పడుతుంది. నా కళ్ళతో చూశాను.

ఇక గ్రామసభ. దీని గురించి కొంచెం ఎక్కువే రాస్తాను, ఎందుకంటే పంచుకున్న అధికారంలో ఊరి వాటా ఉన్నది ఇక్కడే. అది పోయేదీ ఇక్కడే.

1996లో వచ్చిన పెసా (షెడ్యూల్డ్ ఏరియాల పంచాయతీల) చట్టం షెడ్యూల్డ్ ఏరియాలో, అంటే మన ఏజెన్సీలో, 'గ్రామం' అంటే ఏమిటో వేరేగా చెప్పింది. ఒక నివాసం, లేదా కొన్ని నివాసాలు, గుంపుగా ఉండి తమ ఆచారాల ప్రకారం తమ పనులు చూసుకునే సముదాయం. అటవీ హక్కుల చట్టం కూడా ఏజెన్సీలో అదే నిర్వచనం తీసుకుంది. అంటే మీ గ్రామసభ పంచాయతీ ఆఫీసు దగ్గర కూర్చునేది కాదు. మీ గూడెంలో, మీ చింతచెట్టు కింద కూర్చునేది. కానీ ఎక్కువచోట్ల జరిగేదేంటంటే పంచాయతీ మొత్తానికి ఒకే గ్రామసభ పెడతారు. అయిదారు గూడేల వాళ్ళు కొండ దిగి రాలేరు, వచ్చిన నలుగురి వేలిముద్రలతో తీర్మానం అయిపోతుంది.

కొన్నేళ్ళ క్రితం ఒక ఏజెన్సీ మండలంలో నలభై పైగా దరఖాస్తుల ఫైలు ఇదే కారణంతో వెనక్కి వచ్చింది. గ్రామసభలో కనీసం సగం మంది సభ్యులు ఉండాలి, వచ్చినవాళ్ళలో మూడోవంతు ఆడవాళ్ళు ఉండాలి. 2012 సవరణ తర్వాత రూలు అది. ఆ తీర్మానంలో ఆడవాళ్ళు ఎంతమందో రాయలేదు. నిజానికి ఆ రోజు మగవాళ్ళ కంటే వాళ్ళే ఎక్కువ వచ్చారు, చంటిపిల్లల్ని ఎత్తుకుని మరీ కూర్చున్నారు. కాగితం మీద లేరు కాబట్టి ఆఫీసుకి వాళ్ళు రానట్టే. మళ్ళీ సభ పెట్టి, మళ్ళీ సంతకాలు చేయించి, ఫైలు కదిలేసరికి ఒక వానాకాలం పోయింది. ఆ ఆలస్యంలో ఒక ముసలాయన పట్టా చూడకుండానే పోయాడు. అందుకే చెప్తున్నాను, హాజరు పట్టీలో మగా ఆడా విడివిడిగా లెక్క రాయండి. చివర్లో మొత్తం అంకె అక్షరాల్లో కూడా రాయండి. మీరు మాస్టారు కాబట్టి ఈ ఒక్క పని మీ చేతుల్లోకి తీసుకోండి, ఊరికి అంతకంటే పెద్ద సాయం లేదు.

గ్రామసభ అటవీ హక్కుల కమిటీని ఎన్నుకోవాలి. పది నుంచి పదిహేను మంది, మూడింట రెండొంతులు గిరిజనులు, మూడోవంతు ఆడవాళ్ళు. కమిటీ పొలం మీదికి వెళ్ళి చూస్తుంది, ఫారెస్టు, రెవెన్యూ సిబ్బంది కూడా రావాలి. గ్రామసభ తీర్మానం సబ్ డివిజన్ కమిటీకి, అంటే సబ్ కలెక్టర్ దగ్గరికి, అక్కడి నుంచి కలెక్టర్ అధ్యక్షతన ఉండే జిల్లా కమిటీకి వెళ్తుంది. డీఎఫ్‌వో (డివిజనల్ ఫారెస్టు ఆఫీసర్) ఆ జిల్లా కమిటీలో ఒక సభ్యుడు. ఒక్కడే నిర్ణయించే అధికారి కాదు. "డీఎఫ్‌వో ఒప్పుకోలేదు" అని మౌఖికంగా ఎవరైనా చెప్తే, "ఏ కమిటీ, ఏ తేదీ మీటింగు, కారణం రాసిచ్చిన కాగితం ఏది" అని అడగండి. దరఖాస్తుదారుకి చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా తిరస్కరించకూడదని రూల్స్‌లో ఉంది. తిరస్కరిస్తే పై కమిటీకి వెళ్ళడానికి అరవై రోజుల గడువు ఉంటుంది.

సాక్ష్యం సంగతికి వస్తే, కనీసం రెండు రకాలు ఉండాలి. పాత కాగితాలు లేవని భయపడొద్దు. రూల్ 13 చదివితే, దాన్ని రాసినవాళ్ళు అడవిలో తిరిగినవాళ్ళే అనిపిస్తుంది. ఇల్లు, గుడిసె, చేను గట్లు, చిన్న చెక్‌డ్యాములు, బావులు, సమాధులు, దేవతల చోట్లు, దరఖాస్తుదారు కాని పెద్దల వాంగ్మూలం అన్నీ సాక్ష్యాలే. శాటిలైట్ ఫోటో మిగతా సాక్ష్యాలకి తోడు కావచ్చు, వాటి స్థానంలోకి రాకూడదని కూడా రూల్స్ చెప్తున్నాయి. "గూగుల్‌లో అక్కడ అడవే కనిపిస్తోంది" అని కొట్టేసిన దరఖాస్తులకి ఇదే సమాధానం.

ఒకసారి ఇలాంటి పరిశీలనకి నేనూ వెళ్ళాను. జీపీఎస్ పట్టుకున్న కుర్రాడు చేను చుట్టూ తిరుగుతున్నాడు. బీట్ ఆఫీసర్ మంచివాడే, కానీ "అమ్మా, ఇది మా మ్యాపులో అడవి" అన్నాడు. ఆ చేను గలావిడ ఏమీ మాట్లాడలేదు. చేను మధ్యలో ఉన్న జీలుగు చెట్ల దగ్గరికి తీసుకెళ్ళింది. అవి ఆమె మామగారు పెట్టిన చెట్లు. ఒక చెట్టు మొదట్లో కల్లు గీయడానికి ఎక్కే వెదురుబొంగు ఆనించి ఉంది. పక్కన మూడు రాళ్ళు, పసుపు పోయి నల్లబడ్డాయి. ఏటా పండక్కి కోడి కోసేది అక్కడే. చేను కింది వైపు ఏరుకొచ్చిన రాళ్ళతో మోకాలెత్తు గట్టు, పది పన్నెండేళ్ళలో పేరుకునేంత చిన్న గట్టు కాదు అది. బీట్ ఆఫీసర్ ఆ గట్టు మీద కూర్చుని, పొడవు అడుగుల్లో లెక్కేసి, పంచనామాలో రాశాడు. చెట్లు, రాళ్ళు, గట్టు మూడూ ఎక్కాయి. ఆ పంచనామాలో రాసినదాన్ని తర్వాత ఏ ఆఫీసులోనూ ఎవరూ కాదనలేకపోయారు. మీ ఊళ్ళో కూడా పరిశీలనకి ముందే ప్రతి చేనులో ఏముందో మీరే ఒక నోట్‌బుక్కులో రాసి పెట్టండి.

పోడులో ఒక చిక్కుంది. కొండరెడ్లు ఒక చెలకని కొన్నేళ్ళు కొట్టి, కొన్నేళ్ళు వదిలేస్తారు. వదిలేసిన చెలకని 'స్వాధీనంలో ఉంది' అని వ్యక్తిగత పట్టాకి చూపించడం కష్టం. దానికి వేరే దారి ఉంది. వ్యక్తిగత హక్కుకి ఫారం 'ఎ', సామూహిక హక్కులకి ఫారం 'బి', ఊరి ఉమ్మడి అటవీ వనరు మొత్తానికి ఫారం 'సి'. చాలా ఊళ్ళు 'ఎ' ఒక్కటే పెట్టి ఊరుకుంటాయి. కొండరెడ్లు పీవీటీజీ (మరీ బలహీనమైనదిగా ప్రభుత్వం గుర్తించిన గిరిజన తెగ) కాబట్టి, ఆవాస హక్కు అని ఇంకో హక్కు కూడా అడగొచ్చు. ఊరు కాదు, తమ తెగ తిరిగే కొండా కోనా మొత్తానికి సంబంధించింది అది. దాన్ని చూసే బాధ్యత జిల్లా కమిటీ మీద పెట్టింది చట్టం. పట్టా వస్తే భార్యాభర్తలిద్దరి పేరు మీద వస్తుంది, పిల్లలకి చెందుతుంది, అమ్మడానికి ఉండదు.

వెదురు ప్రశ్నకి జవాబు ఈ ఫారాల్లోనే ఉంది. వెదురు చట్టంలో చిన్నతరహా అటవీ ఉత్పత్తి. తేనె, చీపుర్లు, అడ్డాకులు, కరక్కాయ లాగే. సేకరించుకునే హక్కు, అమ్ముకునే హక్కు ఉన్నాయి. రవాణా పర్మిట్ ఇచ్చే అధికారం కూడా 2012 రూల్స్ తర్వాత గ్రామసభ వేసిన కమిటీదే. అయితే ఫారెస్టువాళ్ళు చూపించే కాగితం ఒకటుంది. నేషనల్ పార్కులు, అభయారణ్యాల నుంచి ఎండిన చెట్లు, గడ్డి లాంటివి కూడా తీయకూడదని 2000 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఇచ్చిన ఉత్తర్వు. అటవీ హక్కుల చట్టం దాని తర్వాత వచ్చింది, పార్కు భూమిని కూడా కలుపుకుని వచ్చింది, కాబట్టి వాదన మనవైపు బలంగానే ఉంది. కానీ వకీలుగా నా సలహా వేరు. ఫారం 'బి' మీద హక్కు పత్రం చేతికి రాకముందు అమ్మకానికి వెదురు కొట్టి లారీ ఎక్కించొద్దు. వాదన గెలవడానికి నాలుగేళ్ళు పడుతుంది, జైలుకి ఒక్క రాత్రి చాలు.

కేసు రాసినా భయపడి తెలియని కాగితం మీద వేలిముద్ర వెయ్యొద్దు. వన్యప్రాణి చట్టం కింద అసిస్టెంట్ కన్జర్వేటర్, ఆ పై స్థాయి అధికారి నిందితుడి ఎదుట నమోదు చేసిన సాక్ష్యం కోర్టులో చెల్లుతుంది. అరెస్టు చేస్తే 24 గంటల్లో మేజిస్ట్రేట్ ముందు పెట్టాలి. అది రాజ్యాంగం మాట, అడవిలోనూ వర్తిస్తుంది. క్రిమినల్ కేసులు ఏజెన్సీలోనూ మామూలు మేజిస్ట్రేట్ కోర్టులకే వెళ్తాయి. గ్రామసభకి నేరాలు విచారించే అధికారం లేదు. ఆచారం ప్రకారం తగాదాలు తీర్చుకునే అధికారం పెసా ఇచ్చింది. గట్టు తగాదా, పెళ్ళి తగాదా, ఎవరి చెలక ఎవరు దున్నారన్నది పెద్దకాపు (ఊరి పెద్ద) దగ్గర కూర్చుని తీర్చుకోవచ్చు. హత్య, దొంగతనం, వేట అక్కడ తీరేవి కావు.

మీరు 'పార్కులోకి మాకు ఎంట్రీ పర్మిషన్ కావాలా' అని కూడా అడిగారు కదా. లోపల స్థిరాస్తి మీద హక్కు ఉన్నవాళ్ళకీ, వాళ్ళ మీద ఆధారపడినవాళ్ళకీ వన్యప్రాణి చట్టం సెక్షన్ 27లోనే మినహాయింపు ఉంది. చెక్‌పోస్టులో ఆపితే గొడవ పడకుండా ఈ సెక్షన్ నంబరు చెప్పమనండి.

బయటివాళ్ళ సంగతి వచ్చేసరికి సీను మారిపోతుంది. గోదావరి ఒడ్డున టూరిస్టులకి గుడిసెలు వేస్తామని ఎవరైనా మీ ఊరివాళ్ళ దగ్గర స్థలం లీజు అడిగితే అది పార్కు శాఖ ప్రశ్న ఒక్కటే కాదు, 1/70 ప్రశ్న కూడా. 1959 భూబదిలీ రెగ్యులేషన్‌కి 1970లో చేసిన సవరణ ప్రకారం షెడ్యూల్డ్ ఏరియాలో గిరిజనేతరుడికి భూమి బదిలీ చెల్లదు, లీజు కూడా బదిలీయే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు ముందుకేసి, ప్రభుత్వం కూడా తన భూమిని గిరిజనేతరులకి మైనింగ్ లీజుకి ఇవ్వకూడదంది. ఈ కేసులు సివిల్ కోర్టుకి వెళ్ళవు. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ దగ్గర వేయాలి. అప్పీలు ప్రభుత్వ ఏజెంట్ దగ్గర, అంటే కలెక్టర్ దగ్గర. చాలాచోట్ల అడిషనల్ ఏజెంట్ హోదాలో ఐటీడీఏ పీవో (ప్రాజెక్టు ఆఫీసర్) వింటారు. ఆ పైన ప్రభుత్వానికి రివిజన్, తర్వాత హైకోర్టు. మామూలు ఆస్తి తగాదాలు కూడా మన పాత మద్రాసు ఏజెన్సీలో 1924 ఏజెన్సీ రూల్స్ ప్రకారం ఏజెంట్ కోర్టుల్లోనే నడుస్తాయి. రాజమండ్రిలో మున్సిఫ్ కోర్టులో దావా వేసి రెండేళ్ళ తర్వాత పరిధి లేదని వెనక్కి వచ్చినవాళ్ళున్నారు.

వీఆర్ పురం, కూనవరం, చింతూరు వైపు వాళ్ళకి ఒక చిన్న మాట. మీ పాత రికార్డులు ఒక్కచోట దొరకవు. మీ పాత భద్రాచలం తాలూకా 1959 దాకా తూర్పు గోదావరి, తర్వాత ఖమ్మం, 2014 తర్వాత మీ మండలాలు మళ్ళీ ఇటు. అడంగల్ కోసం ఒక్క ఆఫీసు చుట్టూ తిరిగి లేదనుకోవద్దు, కొత్తగూడెం, ఖమ్మం వైపు కూడా అడగండి.

ఊరిని ఖాళీ చేయిస్తారన్న టెన్షన్ మీ ఉత్తరమంతా కనిపిస్తోంది. దానికి చట్టంలో ఉన్న జవాబు గట్టిదే. పార్కులో ఒక భాగాన్ని మనుషుల్లేకుండా వన్యప్రాణులకే ఉంచాలనుకుంటే, ముందు హక్కుల గుర్తింపు అక్కడ పూర్తి కావాలి. మనుషులుండటం వల్ల జంతువులకి కోలుకోలేని నష్టం జరుగుతోందని తేల్చాలి. కలిసి బతికే దారి లేదని తేల్చాలి. పునరావాసం ప్యాకేజీ చూపించాలి. గ్రామసభ స్వేచ్ఛగా, విషయం తెలిసి, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. కొత్త చోట ఇళ్ళు, భూమి సిద్ధం కావాలి. ఇవన్నీ అయ్యాకే కదిలించాలి. అలా ఖాళీ చేసిన చోటుని తర్వాత వేరే పనికి మళ్ళించకూడదు కూడా. ఒక్కటి తప్పినా అది చట్టబద్ధం కాదు. నల్లమలలో ఉన్న చెంచు మిత్రులు కూడా ఇది చదువుతున్నారని తెలుసు. టైగర్ రిజర్వు కోర్ ఏరియాకి వన్యప్రాణి చట్టంలోనే 38వి సెక్షన్ కింద దాదాపు ఇలాంటి షరతులే ఉన్నాయి. "స్వచ్ఛందంగా వెళ్తున్నాం" అన్న కాగితం మీద సంతకం అడిగితే, అది గ్రామసభలో చదివి వినిపించేదాకా పెట్టొద్దు. పట్టా ఉన్నవాళ్ళ హక్కుకి అడ్డుపడటం ఎస్సీ ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం సెక్షన్ 3 కింద నేరం. 2015 సవరణలో 'అటవీ హక్కులు' అన్న మాట నేరుగా చేర్చారు.

ఇప్పుడు అమెరికా. మీరు చదివింది బ్యాడ్‌ల్యాండ్స్ నేషనల్ పార్కు దక్షిణ భాగం గురించి. అది పైన్ రిడ్జ్ రిజర్వేషన్‌లో ఉంది, ఒగ్లాలా సూ తెగ భూమి. రెండో ప్రపంచయుద్ధం రోజుల్లో సైన్యం బాంబుల ప్రాక్టీసు కోసం ఆ నేలని తీసుకుంది. తర్వాత పార్కులో కలిపారు, 1976లో పార్కు శాఖకీ తెగకీ ఒప్పందం కుదిరింది. దాన్ని తెగ నడిపే నేషనల్ పార్కుగా మార్చాలని 2012లో ప్రణాళిక కూడా సిద్ధమైంది, దానికి వాళ్ళ కాంగ్రెస్ చట్టం చేయాలి. అక్కడ తెగలకి సొంత పోలీసు, సొంత కోర్టు ఉన్నాయి. వినడానికి మనకంటే ఎంతో ముందున్నట్టు ఉంటుంది. కానీ 1978లో వాళ్ళ సుప్రీంకోర్టు ఒలిఫంట్ కేసులో, తెగ కోర్టుకి బయటివాడి నేరాన్ని విచారించే అధికారం లేదంది. తర్వాత కొన్ని మినహాయింపులు వచ్చాయి, అయినా అక్కడ ఏ నేరమైనా ముందు చేసినవాడు తెగవాడా కాదా, బాధితుడు ఎవరు అని తేల్చుకోవాలి. మన దగ్గర క్రిమినల్ చట్టానికి ఆ తేడా లేదు. ఆ తేడా ఉన్నది భూమి బదిలీలో. అక్కడ మనిషిని బట్టి కోర్టు మారుతుంది, ఇక్కడ పనిని బట్టి ఆఫీసు మారుతుంది.

మనకి ఒప్పందం రూపంలో పంచుకోవడం లేదు. కానీ చట్టంలో దారి ఉంది, దాన్ని వాడుకున్నవాళ్ళు తక్కువ. అటవీ హక్కుల చట్టం సెక్షన్ 5 ప్రకారం అడవినీ, జంతువుల్నీ, నీటి వనరుల్నీ కాపాడే అధికారం గ్రామసభకి ఉంది, ఉమ్మడి అటవీ వనరులోకి ఎవరు రావాలో నియంత్రించే అధికారం కూడా. 2022లో వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణలో, షెడ్యూల్డ్ ఏరియాలో ఉన్న రక్షిత ప్రాంతాల మేనేజ్‌మెంట్ ప్లాన్ గ్రామసభతో సంప్రదించి తయారు చేయాలన్నారు. పాపికొండల ప్లాన్ మీద మీ గ్రామసభని ఎవరైనా అడిగారా? అడగకపోతే, అడగమని తీర్మానం చేసి డీఎఫ్‌వోకి పంపండి. కర్ణాటకలో బీఆర్ హిల్స్ టైగర్ రిజర్వులో సోలిగలు 2011లో ఇరవై అయిదు ఊళ్ళకి సామూహిక హక్కులు తెచ్చుకున్నారు. వాళ్ళ భాషలో ఊరిని 'పోడు' అంటారట. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు నాకు ఒళ్ళు జలదరించింది. మన దగ్గర నేరంగా రాసే మాట, వాళ్ళకి ఇంటి చిరునామా.

1882 మద్రాసు అటవీ చట్టం పోడు మీద పెట్టిన ఆంక్షలు కూడా రంప కొండల్లో జనం తిరగబడటానికి ఒక కారణం. 2022లో ఆ కొండలున్న జిల్లాకి అల్లూరి పేరే పెట్టుకున్నాం. ఆ కొండల్లో పనిచేసే ఏ అధికారికైనా ఆ పేరు తెలిసే ఉంటుంది. అందుకే మర్యాదగా, రాతపూర్వకంగా అడిగితే వినే అధికారులు అక్కడ ఇప్పటికీ ఉన్నారని నా నమ్మకం. నాకు కనిపించారు కూడా.

ఒక్క విషయం తేలకుండా మీకు ఖచ్చితమైన సలహా ఇవ్వలేను. పార్కు నోటిఫికేషన్‌లో హద్దుల షెడ్యూలు ఉంటుంది. కొన్ని ఊళ్ళని హద్దుల లోపలే ఉన్నా ఎన్‌క్లోజర్లుగా, అంటే పార్కులో చేరని ముక్కలుగా, వదిలేస్తారు. వదిలేసి ఉంటే మీ ఊరికి వన్యప్రాణి చట్టం బెడద సగం తీరినట్టే. రంపచోడవరంలో ఐటీడీఏలో గానీ డివిజన్ ఫారెస్టు ఆఫీసులో గానీ సమాచార హక్కు కింద దాని నకలు అడగండి. దరఖాస్తులో మీ ఊరి పేరు, కంపార్ట్‌మెంట్ నంబరు రాయండి. నంబరు తెలియకపోతే బీట్ ఆఫీసర్‌ని అడిగితే చెప్తారు. నకలు రాగానే ఆ షెడ్యూలు పేజీ ఫోటో తీసి ఇక్కడ పెట్టండి, దాన్ని చదివి మీ ఊరు ఏ గీతకి ఏ పక్కన ఉందో చెప్తాను.